చిన్న ఉద్యోగి జేబులోంచి ప్రభుత్వ ప్రయాణాలు

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ పత్రిక లేఖల శీర్షికలో ఒక పాఠకుడు ప్రభుత్వ ఉద్యోగుల ప్రయాణ బిల్లుల మీద విరుచుకుపడ్డారు. ఇంట్లో పడుకుని క్యాంపు వెళ్లినట్టు రాసుకుంటారని, తిరిగినా తిరగకపోయినా భత్యం దండుకుంటారని, ఇన్ని కంప్యూటర్లు వచ్చాక అసలు ప్రయాణాలెందుకని ఆయన నిలదీశారు. దొంగ బిల్లులు లేవని నేను అనను. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో ఏళ్ల తరబడి టీఏ బిల్లులు, అంటే ప్రయాణ భత్యం బిల్లులు రాసి, సరిచూసి, ట్రెజరీకి పంపినవాణ్ని. ఏది నిజంగా తిరిగిన బిల్లో, ఏది కూర్చుని వండిన బిల్లో రెండు వరుసలు చదివితే తెలిసిపోయేది. అయితే ఆయన చూసింది చివరి కాగితాన్ని మాత్రమే. దాని వెనక నడిచే వ్యవహారం ఆయనకు తెలిసినట్టు లేదు. సర్వీసులో ఉన్నవాళ్లు ప్రవర్తనా నియమావళి గుర్తొచ్చి పత్రికలకు రాయరు. రిటైరై నెల్లూరులో కూర్చున్న నాకు ఆ జంకు లేదు కాబట్టి రాస్తున్నాను.

ప్రభుత్వ ప్రయాణం అనగానే జనానికి అధికారి కారు, ముందు సీటులో డవాలా బంట్రోతు, అతిథిగృహంలో భోజనం కళ్లకు కడతాయి. ఆ స్థాయి వాళ్ల సంగతి నాకు అక్కర్లేదు. వాళ్ల ప్రయాణాలు ఎలాగో ఒకలా జరిగిపోతాయి. నేను చెబుతున్నది జూనియర్ అసిస్టెంట్లు, సర్వేయర్లు, రికార్డు అసిస్టెంట్లు, ఆఫీసు సబార్డినేట్ల గురించి. 2019 జనవరి 1 నుంచి మన హైకోర్టు అమరావతిలో నడుస్తోంది. జిల్లాలో ఎవరైనా ప్రభుత్వం మీద అక్కడ ఒక రిట్ పిటిషన్ వేస్తే చాలు, కింది ఆఫీసులో పరుగులు మొదలవుతాయి. పిటిషన్‌లో ఒక్కో పేరాకు రిమార్కులు రాయాలి, కౌంటరు, అంటే కోర్టుకు ఇచ్చే జవాబు తయారుచేయాలి, పాత రికార్డు కట్టలు వెతికి తీయాలి, వాటిని మోసుకుని ప్రభుత్వ న్యాయవాది దగ్గరికి వెళ్లాలి. నెల్లూరు నుంచి విజయవాడకు రైల్లో 250 కిలోమీటర్ల పైమాటే. అక్కడ దిగి హైకోర్టు ఉన్న నేలపాడు చేరడానికి బస్సో ఆటోనో వెతుక్కోవాలి. న్యాయవాది ఒక పేరా మార్చమంటే మళ్లీ టైపు, మళ్లీ జిరాక్సు, మళ్లీ అధికారి సంతకం కోసం వెనక్కి. జిరాక్సు డబ్బు టీఏ బిల్లులో పట్టదు. దానికి ఆఫీసు చిల్లర ఖర్చుల కంటింజెంట్ బిల్లు వేరే, ఆ పద్దు వేరే, ఆ పద్దులో డబ్బు ఉందా లేదా అనే ప్రశ్న వేరే.

ఈ ప్రయాణాలకు మెమో ఎప్పుడు వస్తుందో కూడా ఆ పాఠకుడికి తెలియాలి. సాయంత్రం ఆరు దాటాక వాట్సాప్ గ్రూపులో వస్తుంది. ‘రేపు ఉదయం 10.30కు సంబంధిత రికార్డుతో హాజరు కావలెను.’ పినాకిని ఎక్స్‌ప్రెస్ చెన్నై నుంచి వచ్చి సాయంత్రమే నెల్లూరు దాటి వెళ్లిపోయి ఉంటుంది. తత్కాల్ ప్రయాణానికి ముందు రోజు తెరుస్తారు, ఏసీ తరగతులకు ఉదయం 10 గంటలకు, స్లీపరుకు 11 గంటలకు. మెమో వచ్చేసరికి ఆ వేళ ఎప్పుడో గడిచిపోయింది. కరెంటు రిజర్వేషనులో ఒక బెర్తు దొరికితే అదృష్టం. లేదంటే కట్ట ఒళ్లో పెట్టుకుని అర్ధరాత్రి జనరల్ బోగీలో కూర్చోవాలి, లేదా రాత్రి బస్సు పట్టుకోవాలి. కేసు విచారణ తేదీ వారం ముందే తెలిసి ఉంటుంది. ఆ వారం ఫైలు ఎవరి బల్ల మీద కునికిందో మాత్రం ఎవరూ అడగరు.

మా సెక్షన్‌లో ఒక అమ్మాయి ఉండేది. ఉదయగిరి వైపు ఊరు. తండ్రి సర్వీసులో ఉండగా పోతే కారుణ్య నియామకంలో జూనియర్ అసిస్టెంటుగా వచ్చింది. మొదటి ఏడాదే ఆమెకు కోర్టు కేసుల సీటు ఇచ్చారు. ఎవరికీ ఇష్టంలేని సీటు కొత్తవాళ్లకే దక్కుతుంది లెండి. అలాంటి ఒక మెమో వచ్చిన రాత్రి ఆమె ఒంటరిగా బయలుదేరడానికి జంకి తల్లిని వెంటబెట్టుకుని వెళ్లింది. తెల్లవారకముందే విజయవాడలో దిగి, స్టేషన్ వెయిటింగ్ హాల్లో ముఖం కడుక్కుని, తల్లీ కూతుళ్లు ఇద్దరూ నేలపాడు వెళ్లారు. ఫైలు సాయంత్రం దాకా చూడలేదు. రాత్రికి అక్కడే ఉండి మర్నాడు రమ్మన్నారు. బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో గది తీసుకున్నారు. తిరిగి వచ్చాక బిల్లు రాయడానికి నా ఎదురుగా కూర్చుంది. తల్లి టికెట్టు నిబంధనల్లో లేదు, ఆమెకే తెలుసు, అడగలేదు. లాడ్జి వాళ్లు తెల్లకాగితం మీద రాసిచ్చిన చీటీ రసీదుగా చెల్లదన్నాను, తలూపింది. జిరాక్సుకు ఎంతైందో చెప్పమంటే, ‘వదిలేయండి సార్, అది మళ్లీ ఇంకో బిల్లు కదా’ అంది. చివరికి ఆమె అడగగలిగింది ఒక టికెట్టు, రెండు రోజుల దినభత్యం. నెలల తర్వాత నేను రిటైరయ్యే నాటికి ఆ బిల్లు ఇంకా రాలేదు.

భత్యం లెక్క ఎలా కడతారో బయటివాళ్లకు తెలియదు, అందుకే ఉద్యోగి బయట కాలు పెడితే చాలు డబ్బు రాలుతుందనుకుంటారు. హెడ్‌క్వార్టర్స్ నుంచి ఎనిమిది కిలోమీటర్ల పరిధి దాటితేనే అది పర్యటన. నెల్లూరులో పనిచేసేవాడు ఎండలో పెన్న దాటి కోవూరు వెళ్లి వచ్చినా ఈ లెక్కలో ఊళ్లో ఉన్నట్టే. ఇది బ్రిటిష్ కాలం నాటి ఐదు మైళ్ల హద్దు, కిలోమీటర్లలోకి మారినప్పుడు ఎనిమిది అయింది. అప్పట్లో ఐదు మైళ్లు అంటే గుర్రం మీదో ఎడ్లబండిలోనో వెళ్లి రావడం. తర్వాత గంటల లెక్క. ఆరు గంటలకు మించకపోతే ఏమీ లేదు, పన్నెండు దాటితే పూర్తి భత్యం, ఆ రెంటి మధ్యా సగం. కావలి నుంచి నెల్లూరు మీటింగుకు వచ్చి ఐదున్నర గంటల్లో తిరిగి వెళ్లిన గుమాస్తాకు బస్సు చార్జీ తప్ప భోజనానికి ఒక్క పైసా రాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు కందుకూరును ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపారు. అంతవరకు ఒంగోలు మీటింగులకు వెళ్లివచ్చిన అక్కడి ఉద్యోగులు ఆ రోజు నుంచి రెట్టింపుకు పైగా దూరం ప్రయాణించి నెల్లూరు రావలసి వచ్చింది. నాకు తెలిసిన ఆఫీసుల్లో టీఏ పద్దు మాత్రం ఆ లెక్కన పెరగలేదు.

బిల్లు తయారీ దగ్గరికి వస్తాను. పర్యటనకు ముందు అనుమతి, తర్వాత టూర్ డైరీ, బిల్లు ఫారంలో బయలుదేరిన వేళ, చేరిన వేళ, దూరం, చార్జీ, వెళ్లిన పని, కింద ఈ మొత్తం ఇంతకుముందు తీసుకోలేదన్న సర్టిఫికెట్టు, కంట్రోలింగ్ అధికారి కౌంటర్ సంతకం, ఆపైన ఆఫీసు బిల్లుల సొమ్ము డ్రా చేసే అధికారి, డీడీవో సంతకం. వీటికి టికెట్లు అతికించాలి. ఇక్కడొక చిత్రం ఉంది. బస్సులో కండక్టరు మిషన్ మీద కొట్టి ఇచ్చే టికెట్టు పల్చటి కాగితం. చొక్కా జేబులో చెమటకు తడిసినా, ఎండ తగిలినా అక్షరాలు వెలిసిపోతాయి. బిల్లు అనుమతుల మెట్లు ఎక్కి ఆడిట్ బల్ల మీదికి చేరేసరికి అతికించిన చోట తెల్ల చీటీ మాత్రం మిగులుతుంది. అభ్యంతరం రాసి వెనక్కి పంపుతారు, ‘టికెట్టు స్పష్టంగా లేదు’ అని. అందుకని మా సెక్షన్‌కు వచ్చే ప్రతివాడికీ ముందే చెప్పేవాణ్ని, బస్సు దిగగానే టికెట్టును జిరాక్సు తీయించుకోమని. చూశారా, బస్సు చార్జీ రాబట్టుకోవడానికి మళ్లీ జిరాక్సు ఖర్చు.

2018లో ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్ఎంఎస్ వచ్చాక ఒక మేలు జరిగింది. వెనకటిలా బిల్లు ఎక్కడ ఉందో తెలియక ట్రెజరీ గుమ్మం దగ్గర పడిగాపులు కాయనక్కర్లేదు. బిల్లు నంబరు కొడితే ఏ దశలో ఉందో ఫోనులోనే కనబడుతుంది. ఆగిన బిల్లు ఆగినట్టే కనబడుతుంది, అది వేరే మాట. జీతాలకు, పెన్షన్లకు నిధులు చూశాక ప్రయాణ ఖర్చుల పద్దు వంతు వస్తుంది. త్రైమాసికానికి ఇంత అని విడుదలైన బడ్జెట్‌లో ముందు వచ్చిన రెండు పెద్ద బిల్లులు పోగా చిన్నవి నిలబడిపోతాయి. మార్చి 31 రాత్రికి చెల్లింపు కానివి మురిగిపోతాయి. ఏప్రిల్‌లో మళ్లీ మొదటి నుంచి పెట్టాలి. ఈలోగా సంతకం చేసిన అధికారికి బదిలీ అయితే కొత్తాయన, ‘నా హయాంలో జరగని పర్యటనకు నేనెలా సంతకం పెట్టను’ అంటాడు. ఆయన మాటా తప్పు కాదు.

ఇన్ని నెలలూ ఆ డబ్బు ఎవరిది? ఉద్యోగిది. అంటే ప్రభుత్వం తన కింద అందరికంటే తక్కువ జీతం తీసుకునే మనిషి దగ్గర వడ్డీ లేని చేబదులు తీసుకుని పని జరుపుకుంటోంది. నెలాఖరున మెమో వస్తే మా ఆఫీసు సబార్డినేట్లు పక్క సెక్షన్‌లో చేబదులు అడగడం నేను చూశాను. బంగారం కుదువ పెట్టేవాళ్లూ ఉన్నారు. దొంగ బిల్లుల పుట్టుక కూడా ఇక్కడే. నిజంగా అయిన ఖర్చులో సగం నిబంధనల్లో పట్టదు, పట్టిన సగం ఎప్పుడొస్తుందో తెలియదు. అప్పుడు మనిషి ఏం చేస్తాడు? ఐదున్నర గంటలను ఆరుంబావు చేస్తాడు. తెల్లచీటీ లాడ్జిని వదిలేసి వెళ్లని ఊరొకటి డైరీలో చేరుస్తాడు. పోయిన డబ్బు ఆ దారిన రాబట్టుకుంటాడు. ఆ దారి అలవాటయ్యాక కొందరు పోని డబ్బు కూడా రాబడతారు, వాళ్లను నేను సమర్థించను, పట్టుకుని జీతంలో కోయాల్సిందే. కొన్ని చోట్ల బిల్లు కదిలించినందుకు పదో వంతు ఇచ్చుకునే మామూలు కూడా ఉంది. ఆ పదో వంతు భరించాలంటే బిల్లు కాస్త ఉబ్బాలి మరి. నిజాయతీగా రాసినవాడు నష్టపోయి, వండినవాడు గట్టెక్కే పద్ధతి నడుస్తున్నంత కాలం ఎంత తనిఖీ పెట్టినా ప్రయోజనం ఏముంటుంది?

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకూ బాధలున్నాయి గానీ, అక్కడ కొన్ని పనులు తెలివిగా చేశారు. ఏడో వేతన సంఘం తర్వాత 2017లో ఇచ్చిన ఉత్తర్వుల్లో జీతాల పట్టికలో ఎనిమిదో లెవెల్, అంతకు దిగువ ఉద్యోగులకు లాడ్జి ఖర్చుకు రసీదు అక్కర్లేదన్నారు. ఎక్కడ, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఉన్నాడో తానే రాసి సంతకం పెడితే చాలు, పరిమితి మేరకు ఇస్తారు. అప్పట్లో ఆ పరిమితి ఆరు నుంచి ఎనిమిది లెవెళ్లకు రోజుకు 750 రూపాయలు, ఐదు, అంతకు దిగువకు 450. భోజనానికి 800, 500. పెద్ద మొత్తాలేమీ కావు, కానీ చిన్న ఉద్యోగి మాట నమ్మారు, అది నాకు నచ్చింది. రైల్లో తత్కాల్ అదనపు చార్జీ కూడా పర్యటనలో చెల్లుతుంది. విమాన టికెట్ల విషయంలో 2022 జూన్‌లో ఆర్థిక శాఖ ఇంకా వివరంగా చెప్పింది. బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ, ఈ మూడింటి దగ్గరే కొనాలి. వీలైనంత వరకు 21 రోజుల ముందే బుక్ చేయాలి. 72 గంటల లోపు కొనాల్సివస్తే కారణం రాసి ఇవ్వాలి. ఒక ప్రయాణానికి ఒకే టికెట్టు తీసుకోవాలి. విమానం మా గుమాస్తాలు ఎక్కేది కాదు, కానీ ఆఖరి నిమిషంలో ప్రయాణం పెట్టినవాడు సంజాయిషీ రాయాలన్న సూత్రం మాకు రైలుకూ బస్సుకూ కావాలి. మా దగ్గర ఆలస్యంగా మెమో ఇచ్చినవాడికి సంజాయిషీ లేదు, ఆలస్యంగా వెళ్లినవాడికే మెమో. కేంద్రం చేసినవన్నీ మంచివని కాదు. 2018లో టీఏ క్లెయిము పెట్టుకునే గడువును ఏడాది నుంచి 60 రోజులకు కుదించారు. సరే, ఉద్యోగి 60 రోజుల్లో బిల్లు పెట్టాలి. డబ్బు ఇచ్చేవాడు ఎన్ని రోజుల్లో ఇవ్వాలో కూడా ఆ పక్కనే రాసి ఉంటే బాగుండేది.

మన రాష్ట్రంలో దీనికి కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. రిమాండు ఖైదీని కోర్టు వాయిదాకు తీసుకెళ్లే కానిస్టేబులును బస్సులో చూసే ఉంటారు. అతను కండక్టరుకు డబ్బు ఇవ్వడు, వారెంటు కాగితం ఇస్తాడు. ఆ చార్జీ సంగతి ఆర్టీసీ, పోలీసు శాఖ తర్వాత లెక్క చూసుకుంటాయి. ఖైదీకి, అతని వెంట వెళ్లే కానిస్టేబులుకు ఉన్న ఈ సదుపాయం రికార్డు కట్టతో హైకోర్టుకు వెళ్లే జూనియర్ అసిస్టెంటుకు ఎందుకు ఉండకూడదు? ఆర్టీసీ సిబ్బంది 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ ఉద్యోగులే. ప్రభుత్వ పని మీద, ప్రభుత్వ ఉద్యోగి నడిపే బస్సులో వెళ్లడానికి ఇంకో ప్రభుత్వ ఉద్యోగి సొంత డబ్బు పెట్టి టికెట్టు కొని, ఆ టికెట్టు అక్షరాలు చెరిగిపోకుండా కాపాడుకుంటూ నెలల పాటు తిరగడం ఏ పాలనా సౌలభ్యం కోసమో నాకు అంతుపట్టలేదు. ఆర్టీసీ టికెట్లు ఇప్పుడు ఫోనులోనే బుక్ అవుతున్నాయి. డీడీవో పేరున ఒక ఖాతా తెరిచి, పర్యటన అనుమతి ఇచ్చిన వెంటనే ఆఫీసులోనే టికెట్టు తీసి ఉద్యోగి ఫోనుకు పంపవచ్చు. రైలుకూ అంతే. సీటు ఆఫీసు కొంటే మెమో కూడా వేళకు వస్తుంది. తత్కాల్ దొరకని బాధ అప్పుడు పైవాళ్లకే కదా తెలిసేది.

భోజనం, బస ఖర్చులకు అడ్వాన్సు ఇవ్వాలి. పర్యటన అడ్వాన్సు నిబంధనల్లో లేనిదేమీ కాదు, అడిగే ధైర్యం కిందివాడికి లేదు, ఇచ్చే అలవాటు పైవాడికి లేదు. అడ్వాన్సు తీసుకుని లెక్క చెప్పకపోతే ఎలా అంటారు. ఇంటి అప్పు, పండగ అడ్వాన్సు నెల నెలా జీతంలో పట్టుకోవడం చేతనైన ప్రభుత్వానికి ఐదారు వందల ప్రయాణ అడ్వాన్సు పట్టుకోవడం చేతకాదా? ఎన్నికలప్పుడు చూడండి. పోలింగ్ సామగ్రి పంచే చోటే సిబ్బందికి భత్యం చేతిలో పెట్టే ఆనవాయితీ ఉంది. ఆ రోజు పని ఆగకూడదు కాబట్టి డబ్బు ముందే వస్తుంది. మామూలు రోజుల్లో కూడా పని ఆగకూడదనే అనుకుంటే సరిపోతుంది.

ఆ పాఠకుడు అడిగిన వాటిలో ఒక్కటి మాత్రం న్యాయమైన ప్రశ్న. ఇన్ని కంప్యూటర్లుండగా మనిషి వెళ్లడం ఎందుకు? అధికారుల సమీక్షలు చాలావరకు వీడియో కాన్ఫరెన్సులోకి మారాయి. కింది ఉద్యోగి మాత్రం ఇంకా కట్ట మోస్తున్నాడు. కౌంటరు ముసాయిదా మెయిల్లో పంపి, మార్పులు ఫోనులో మాట్లాడుకుని, సంతకం అయ్యాక ఒక్కసారి వెళ్తే చాలని కోర్టు సీటులో కూర్చున్న ఎవరిని అడిగినా చెబుతారు. అసలు రికార్డు చూపించాల్సిన కేసులు వేరే ఉంటాయి, వాటికి వెళ్లక తప్పదు. మిగతా ప్రయాణాలు తగ్గితే ఆ పద్దులో మిగిలే డబ్బే తప్పనిసరి ప్రయాణాలకు ముందుగా ఇవ్వడానికి సరిపోవచ్చు.

ఇవన్నీ రాజధానిలో తేలాల్సిన విషయాలు, నాకు తెలుసు. జిల్లా స్థాయిలో చేయగలిగింది ఒకటుంది. ప్రకాశం, నెల్లూరు జిల్లాల డీడీవోలకు, ముఖ్యంగా ఒంగోలు, నెల్లూరులో పెద్ద ఆఫీసులు నడిపేవాళ్లకు నా మనవి ఇది. టీఏ బడ్జెట్ విడుదలైనప్పుడు బిల్లులను వచ్చిన వరుసలో కాకుండా హోదా వరుసలో కింది నుంచి పెట్టండి. ముందు ఆఫీసు సబార్డినేట్లు, రికార్డు అసిస్టెంట్లు, తర్వాత జూనియర్ అసిస్టెంట్లు, సర్వేయర్లు, మీ సొంత బిల్లు చివర. కింది బిల్లులు ఒక్కొక్కటి కొన్ని వందలు, మహా అయితే రెండు మూడు వేలు. అవన్నీ తీరాక మీకు మిగలకపోతే మార్చి దాటాక మీరు మళ్లీ పెట్టుకోగలరు, మీ ఇంట్లో ఆ నెల బియ్యానికి లోటు రాదు. దీనికి కొత్త జీవో అక్కర్లేదు, కొత్త పద్దు అక్కర్లేదు. ప్రయాణ ఖర్చుల పద్దు 110 కింద ప్రయాణ భత్యం పద్దు 111 ఎప్పటి నుంచో ఉంది. బిల్లులు ఏ వరుసలో పెట్టాలన్నది మీ చేతిలో పని.

ఇట్లు,
ఒక విశ్రాంత సూపరింటెండెంటు,
దర్గామిట్ట, నెల్లూరు.